తొమ్మిదో మంచం

గుడ్లో పిల్ల బతికే ఉందని తెలిస్తే మొహం మాడ్చుకునే మనిషిని నా జన్మలో ఒక్కర్తినే చూశాను. ఆవిడే మా గుడ్ల పిన్ని.

పిన్ని అన్నానని నాకు చుట్టమనుకునేరు. చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆసుపత్రి వెనకవైపు, రక్తపరీక్షల విభాగంలో ఒక పొదిగే గది ఉండేది. ఆవిడ అక్కడ గుడ్లు చూసుకునేది, నేను సీసాలు కడిగేదాన్ని. చేరిన మొదటి రోజే, "ఏమే, సబ్బు వాసన పోయేదాకా కడుగు. రవ్వంత మిగిలినా నా పురుగు చస్తుంది" అని కసిరింది. పురుగు చస్తే పీడా పోతుంది కదా అనుకున్నాను. పైకి అనలేదు కాబట్టి బతికిపోయాను.

ఆ పురుగును డాక్టర్లు పరాన్నజీవి అంటారు. కంటికి ఆనదు. పిల్లుల మలంలోంచి, సరిగ్గా ఉడకని మాంసంలోంచి మనిషి ఒంట్లో చేరుతుంది. మామూలుగా అయితే కాస్త జ్వరమొచ్చి తగ్గిపోతుంది, వచ్చిన సంగతి కూడా తెలియదు. కడుపుతో ఉన్న ఆడమనిషికి కొత్తగా సోకితే మాత్రం లోపలున్న బిడ్డను పట్టుకుంటుంది. ముందుగా తెలిస్తే మందుంది. తెలియాలంటే రక్తం పరీక్ష చెయ్యాలి, ఆ పరీక్షకు ఆ పురుగే కావాలి. దాని పక్కన తల్లి రక్తం చుక్క వేస్తే, ఆ రక్తం దాన్ని ఎరుగునో లేదో బయటపడుతుంది. అందుకని ఎవరో ఒకరు దాన్ని పెంచాలి. ఉత్త సీసాలో పెరగదు మహారాణి. ప్రాణమున్నదాంట్లోనే పెరుగుతుంది. మా దగ్గర దానికి కోడిగుడ్డులోని పిండమే ఇల్లు.

పని ఇలా నడిచేది. గుడ్లాయన పొదగడానికి పనికొచ్చే గుడ్లు తెచ్చిచ్చేవాడు. పిన్ని వాటిని పొదిగే పెట్టెలో పెట్టి, లోపల పిల్ల రూపం కట్టేదాకా ఉంచేది. తర్వాత తలుపూ కిటికీ మూసి గది చీకటి చేసి, చిల్లు పొడిచిన రేకు డబ్బాలో బల్బు వెలిగించి, ఒక్కో గుడ్డునూ ఆ చిల్లుకు ఆనించి చూసేది. బతికున్న గుడ్డు ఎర్రగా వెలుగుతుంది. లోపల నరాలు అల్లుకుని ఉంటాయి, నల్లటి చుక్కలాంటి కన్ను కదులుతూ ఉంటుంది. అలాంటి వాటిని ఏరి, లోపల గాలి నిండిన ఖాళీ ఉన్న చోట పెన్సిల్‌తో గీత గీసి, పళ్ళ డాక్టరు వద్దనుకున్న పాత డ్రిల్లుతో పెంకుకు చిల్లు పెట్టి, సూదితో పురుగును ఎక్కించి, కరిగిన మైనం చుక్కతో మూసేసేది. మళ్ళీ పెట్టెలోకి. రోజూ దీపం పట్టి చూడటం.

మర్నాడే పోయిన గుడ్డు ఎందుకూ కొరగాదు, అది సూది పోటుకు పోయినట్టు. నాలుగైదు రోజులు ఆగి పోవాలి. నరాలు సన్నబడి, ఎరుపు మసకబారి, ఆ కన్ను కదలడం మానెయ్యాలి. అప్పుడు పిన్ని "పట్టింది" అనేది. ఆ మాటలో ఉన్న తృప్తి వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ గుడ్డు పగలగొట్టి, లోపలి పొర మీద తెల్లటి పొక్కులు చూసుకుని, పొరను నూరి, కొంత పరీక్షల బల్ల మీదికి పంపి, కొంత మళ్ళీ కొత్త గుడ్లకు ఎక్కించేది. చావకుండా మిగిలిన గుడ్లను ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చి చంపెయ్యాలి, అది నియమం. అలా వారం వారం, గుడ్డులోంచి గుడ్డులోకి. ఒక్క విడత తప్పినా ఆ వంశం అంతటితో సరి.

గడ్డకట్టించి ఏళ్ళ తరబడి దాచే డబ్బాలు ఉంటాయట. అలాంటిదొకటి కావాలని మా డాక్టరమ్మ పైవాళ్ళకు ఏటా రాస్తూనే ఉంది, వాళ్ళు వస్తుందని ఏటా చెబుతూనే ఉన్నారు. ఆ డబ్బా రానే లేదు, మా జుట్లు మాత్రం నెరిశాయి.

పురుగుకు అది దొరికిన రోగి మంచం పేరు పెట్టడం మా దగ్గర అలవాటు. ఒకప్పుడు రెండో మంచం, పదిహేనో మంచం కూడా ఉండేవట, చూసుకునేవాళ్ళు లేక పోయాయి. నేను చేరేనాటికి మిగిలింది తొమ్మిదో మంచం ఒక్కటే. "తొమ్మిదో మంచం ఎలా ఉందమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "గట్టిగా ఉందండీ, బాగా పట్టింది" అనేది పిన్ని. ఎవరో రోగి కాబోలు అనుకుని నేను కొన్నాళ్ళు పిల్లల వార్డు వైపు జాలిగా చూశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ మంచం మీద పడుకున్న బిడ్డ పిన్ని బిడ్డే. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నాకు డాక్టరమ్మే చెప్పింది. పిన్ని కడుపుతో ఉండగా జ్వరం వచ్చింది, మెడ కింద బిళ్ళలు కట్టాయి, తగ్గిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుందామన్నా అప్పట్లో ఇక్కడ ఆ పరీక్షే లేదు. ఆడపిల్ల పుట్టింది. తల పెద్దది, కళ్ళు దేనిమీదా నిలవవు, ఊపిరి కూడదీసుకుని పీల్చేది. తొమ్మిదో మంచం మీద కొన్నాళ్ళుండి పోయింది. పేరు కూడా పెట్టుకోలేదు. పోయేముందు డాక్టరమ్మ, అప్పటికింకా చిన్న డాక్టరే, ఆ పసిగుడ్డు వెన్నులోంచి కాస్త నీరు తీసింది. తీసే ముందు అడిగింది. "ఇందులో ఉన్నదాన్ని పెంచగలిగితే ఇంకో తల్లికి ముందే చెప్పొచ్చమ్మా" అంది. పిన్ని సరేనంది. ఆవిడ భర్త గోడవైపు తిరిగి నిలబడ్డాడట.

అంతా అయిపోయాక ఒకరోజు పిన్ని వచ్చి డాక్టరమ్మ గది ముందు నిలబడింది. "బతికిందా అండీ?" అని అడిగింది.

డాక్టరమ్మ లేచి కుర్చీ జరిపింది. కడుపుకోతతో ఈ పిల్లకు మతి చలించిందనుకుంది.

"బిడ్డ సంగతి కాదండీ. మీరు గుడ్లో పెట్టారు కదా, అది. అది బతికిందా?"

"బతికింది" అంది డాక్టరమ్మ.

తర్వాతి వారం మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మాట అడిగింది. ఆపై వారం మళ్ళీ. ఆఖరికి డాక్టరమ్మ, "వచ్చి అడిగే బదులు ఇక్కడే ఉండి చూసుకోవమ్మా" అని గదులు ఊడ్చే పనిలో పెట్టింది. ఊడుస్తూ ఊడుస్తూ గుడ్లు తుడవడం, ఆ తర్వాత దీపం పట్టడం, చివరికి సూది. ఒకసారి సోకినవాళ్ళను ఆ పురుగు మళ్ళీ పెద్దగా బాధించదు కాబట్టి ఆ పనికి ఆవిడే తగిన మనిషని డాక్టరమ్మ అనేది. మమ్మల్నెవర్నీ సూది ఛాయలకు రానిచ్చేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "పిన్నీ, నీ బిడ్డను పొట్టన పెట్టుకున్న పురుగును ఇంత ముద్దుగా ఎలా సాకుతున్నావు?"

ఆవిడ మైనం గిన్నె మీంచి చూపు తిప్పలేదు. "నా బిడ్డ ఒంట్లోంచి వచ్చింది నాకు ఇదొక్కటే మిగిలింది" అంది. గిన్నె దించి, "ఆ సీసా అడుగున మరక చూడు. కళ్ళు నెత్తికెక్కాయా?" అని తిట్టింది. ఆ సీసా తీసుకెళ్ళి సణగకుండా మళ్ళీ కడిగాను. నాకది కొత్త.

మా వరండాలో గర్భిణులు బల్లల మీద వరసగా కూర్చుని పరీక్ష ఫలితం కోసం చూస్తుండేవాళ్ళు. వాళ్ళలో ఒకామెకు సోకిందని ముందే తెలిసింది, మందులు వాడింది, బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆ పిల్లను ఎత్తుకొచ్చి అందరికీ చూపించింది. పిన్నిని రమ్మని ఎంత పిలిచినా రాలేదు. తలుపు సందులోంచి చూసి, "బొద్దుగా ఉంది కదే" అని నాతో అని, మళ్ళీ చీకట్లోకి పోయి గుడ్లు చూసుకుంది.

పిన్ని భర్త, మాకందరికీ బాబాయి, దర్జీ. ఆసుపత్రి వీధి చివర కొట్టు. మా తెల్లకోట్లన్నీ ఆయన చేతి కుట్టే. కోట్లు తయారైతే గేటుదాకా తెచ్చి కాపలాదారు చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు, లోపల అడుగు పెట్టేవాడు కాదు. "మన బిడ్డను తిన్నదాన్ని మేపుతున్నావు నువ్వు" అని కొత్తలో ఒక్కసారి అన్నాడట. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. రోజూ సాయంత్రం సైకిలు పట్టుకుని గేటు బయట నిలబడేవాడు. పిన్ని రాగానే మొహంలోకి ఒకసారి చూసేవాడు, ఆవిడ వెనక ఎక్కి కూర్చునేది, వెళ్ళిపోయేవాళ్ళు. పని ఎలా ఉందని ఒక్క మాట అడగడు. ఇంత మొండిఘటంతో ఎలా వేగుతోందిరా బాబూ అనుకునేదాన్ని. వాళ్ళకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత గుడ్లాయన కోళ్ళకు జబ్బు చేసింది.

ఒకరోజు గుడ్లు దించి ఆయన వరండాలోనే చతికిలబడ్డాడు. "అక్కా, రోజూ పోతూనే ఉన్నాయి. చిన్నచిన్న పిల్లలే ముందు పోతున్నాయి. రక్త విరేచనాలు. పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు" అని కళ్ళు తుడుచుకున్నాడు.

"పశువుల డాక్టరుకు చూపించలేదా తమ్ముడూ?" అంది పిన్ని.

"చూపించాను. నీళ్ళలో కలిపే మందేదో ఇచ్చాడు. కోళ్ళకు మందు పెడితే మీ గుడ్లకు పనికిరాదేమోనని పెట్టలేదక్కా. డాక్టరమ్మగారిని అడిగి చెప్తావా?"

ఇంకెవరైనా అయితే సరే అడుగుతాననేవాళ్ళు. డాక్టరమ్మ ఆ రోజు ఊళ్ళో లేదు, రెండు రోజులాగమనేవాళ్ళు. పిన్ని ఆగలేకపోయింది. "మందు చేతిలో పెట్టుకుని పసివాటిని చంపుకుంటావురా? ముందు వెళ్ళి పెట్టు. గుడ్లో పిల్ల కడితే నాకు చాలు" అని దాదాపు అరిచింది. ఆ మనిషి గబగబా లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చిన గుడ్లు చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్కటీ గొడ్డు పోలేదు, అన్నిట్లో పిల్ల కట్టింది. పిన్ని సంబరపడి ఎక్కించింది. నాలుగైదు రోజులకు దీపం పట్టింది. చూసిన గుడ్డే మళ్ళీ చూసింది. రెండే రెండు పోయాయి, మిగతావన్నీ ఎర్రగా నిక్షేపంలా వెలుగుతున్నాయి.

"పట్టలేదు" అంది.

డాక్టరమ్మ వచ్చి థర్మామీటరు మార్చింది, పొదిగే పెట్టె తలుపు రబ్బరు మార్పించింది, సూదులు మార్పించింది. పోయిన ఆ రెండు గుడ్ల పొర మీద పొక్కులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దాన్నే నూరి, కొంచెం ఫ్రిజ్‌లో పక్కన పెట్టి, మిగతాది మళ్ళీ ఎక్కించారు. ఈసారి ఒక్క గుడ్డూ పోలేదు. పిన్ని నా మీద పడింది. "నీ సబ్బే చేసింది ఇదంతా. ఎన్నిసార్లు మొత్తుకున్నాను!" అంది. నాకు కోపం ముంచుకొచ్చింది. "చేతులు పాచిపోయేదాకా కడుగుతున్నాను, చూడు" అని నా వేళ్ళు ఆవిడ మొహం ముందు పెట్టాను. ఆవిడ చూసింది. ఆ వేళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అప్పుడు అర్థమైంది ఆవిడ ఎంత భయపడిపోయిందో.

ఆ మధ్యాహ్నమే గుడ్లాయన వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "అక్కా, నీ నోటి చలవ! మందు పెట్టిన దగ్గర్నుంచి ఒక్కటీ పోలేదు. అన్నీ లేచి తిరుగుతున్నాయి!"

డాక్టరమ్మ అక్కడే ఉంది. "ఏం మందు?" అని అడిగింది.

ఆయన జేబులోంచి ఖాళీ పొట్లం తీసిచ్చాడు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చదివింది. చదివి కుర్చీలో కూర్చుంది. కోళ్ళకు పట్టింది కూడా మన పురుగుకు దూరపు చుట్టమేనని, ఈ మందు రెండిటినీ చంపుతుందని, కోడి తాగితే గుడ్డులోకి కూడా దిగుతుందని నెమ్మదిగా చెప్పింది. "సోకిన తల్లులకు మనమిచ్చే మందూ ఇలాంటిదేనమ్మా" అంది.

పిన్ని గోడకు చేయి ఆనించింది. "నేనే పెట్టమన్నాను" అంది.

గుడ్లాయనకు ఏమీ అర్థం కాలేదు గానీ ఏదో కొంప మునిగిందని మాత్రం తెలిసింది. "అక్కా, నా వల్ల ఏమన్నా..." అన్నాడు.

"నీ తప్పేం లేదు తమ్ముడూ. నీ కోళ్ళు బతికాయిగా, వెళ్ళు" అంది పిన్ని. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

ఫ్రిజ్‌లో పక్కన పెట్టిన కాస్త ముద్ద ఉంది. ఫ్రిజ్‌లో అది కొద్ది రోజులే నిలుస్తుంది, అదే ఆఖరు. ఇంకో ఫారం నుంచి, మందెరగని కోళ్ళ గుడ్లు తెప్పించారు. "ఆశలు పెట్టుకోకు" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. పిన్ని సూది పట్టుకుంది, మళ్ళీ కింద పెట్టింది. ఆగి, చెయ్యి కోటుకు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో గుడ్డుకూ మైనం వేస్తూ ఏదో గొణుక్కుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు, వినాలనుకోలేదు.

ఆ కొద్ది రోజులూ పిన్ని సరిగ్గా తినలేదు. "పట్టింది" అన్న మాటంటేనే ఒళ్ళు మండిపోయే నేనే ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్క పిల్లన్నా చావకూడదా అనుకున్నాను. ఏం కోరికే ఇది, బుద్ధుందా నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా కోరుకుంటూనే ఉన్నాను.

ఆఖరి రోజు డాక్టరమ్మ, నేను, పిన్ని, ముగ్గురం చీకట్లో దీపం చుట్టూ నిలబడ్డాం. పిన్ని మొదటి గుడ్డు ఆనించింది. ఎరుపు. "బతికుంది" అని పక్కన పెట్టింది. రెండోది. "బతికుంది." ఆ మాట అలా అంటూనే పోయింది, ప్రతిసారీ గొంతు కొంచెం కొంచెం కిందికి దిగింది. ఆఖరి గుడ్డును చాలాసేపు ఆనించి పట్టుకుంది. లోపల పిల్ల ఒక్క ఎగురు ఎగిరింది. నరాలన్నీ కదిలాయి. అంత చక్కటి గుడ్డును నేనెప్పుడూ చూడలేదు.

"అన్నీ బతికే ఉన్నాయండీ" అంది పిన్ని. చావు కబురు చెప్పే గొంతుతో చెప్పింది.

డాక్టరమ్మ కొన్ని గుడ్లు పగలగొట్టి చూసింది. పొరలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్క పొక్కు లేదు. మిగతావి నియమం ప్రకారం చల్లార్చెయ్యాలి. నేను పెడతానన్నాను. "వద్దు, నేనే పెడతాను" అని పిన్ని ట్రే ఎత్తుకుని వెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు మూసి, ఆ తలుపుకే నుదురు ఆనించి ఏడ్చింది. అన్నేళ్ళలో ఆవిడ ఏడవడం అదే చూశాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "పరీక్షలు ఆగవమ్మా. వేరే ఊరి ఆసుపత్రిని అడుగుతాను, వాళ్ళ పురుగు పంపిస్తారు. ఆ గది నీదే" అంది.

"పంపిస్తే పెంచుతానండీ" అంది పిన్ని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "అది ఎవరి మంచమో."

సాయంత్రం ఆవిడ సంచి నేను పట్టుకుని గేటుదాకా వెంట వెళ్ళాను. బాబాయి ఎప్పటిలాగే సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే పిన్ని మొహంలోకి చూశాడు. చూసి, సైకిలు వదలకుండానే ఒక అడుగు ముందుకు వేశాడు.

"బతికిందా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ సంగతి రావడం నేను వినలేదు. ఏ సంగతి అడుగుతున్నాడో పిన్నికి విడమరిచి చెప్పక్కర్లేదు.

"లేదండీ" అంది పిన్ని. "నా చేతులారా పోగొట్టుకున్నాను."

బాబాయి సైకిలు వదిలేశాడు. అది పక్కకు పడిపోయి గంట మోగింది. ఆయన గేటు పక్కనున్న గట్టు మీద కూలబడ్డాడు. "రోజూ నీ మొహం చూసి తెలుసుకునేవాణ్ణే. మొహం తేటగా ఉంటే, ఉందిలే అనుకునేవాణ్ణి" అంటూ, దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా లక్ష్యపెట్టకుండా, పైకే ఏడ్చాడు. పిన్ని ఆయన పక్కన కూర్చుంది. నేను సైకిలు లేపి, వాళ్ళు లేచేదాకా పట్టుకుని నిలబడ్డాను.